నేలమీద కాలు మోపకూడని రాయబారి

ఇలా దగ్గరికి జరగండమ్మా. బాబూ, నువ్వూ రా, ఆ గుమ్మం కాడ ఏటున్నాది? కరెంటు ఎలాగూ లేదు, ఫోన్లు పక్కన పెట్టి చెవులు ఇటియ్యండి. మీలో కొందరు ఇన్యా చెరువు వైపు బంగళాల్లో కొత్తగా పనికి కుదిరారు కదా, ఈ కత మీకు చెప్పి తీరాలి. నేను ఆకరిగా పనిచేసిన ఇంటి కత ఇది.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ బర్మా వచ్చి అహ్లోన్‌లో రైసుమిల్లు బస్తాలు మోశాడు. నేను విదేశీ దొరల ఇళ్లల్లో వంట చేశాను. ఎంతమందికి వండేనో! కారం వాసన తగిలితే తుమ్మీవోళ్లు, అన్నం చూసి ఇదేటని అడిగినోళ్లు, చేపకి తల ఉంటాదని తెలీనోళ్లు. అందరూ కలిసిపోయి ఒకే మొకం అయిపోయారు నాకు. ఆ పడమటి ఆఫ్రికా రాయబారి ఒక్కడే విడిగా నిలబడిపోయాడు.

ఆయన ఉట్టి రాయబారి కాదు, వాళ్ల ఊరికి రాజు. కోటు తొడుక్కుంటే రాయబారి, రంగుల బట్ట బుజం మీద చుట్టుకుంటే రాజు. కోటులో ఉన్నప్పుడు వంటింట్లోకి వచ్చి నేరుగా మాట్లాడీవోరు, "ఆంటీ" అనీవోరు. బట్ట చుట్టుకున్నాక మాత్రం నోరిప్పరు. పక్కన ఒక ముసలాయన, ఊరినుంచి కూడా వచ్చినాయన, పిట్టబొమ్మ ఉన్న కర్ర పట్టుకుని నిలబడీవోడు. రాజు మాట ఆయన నోటి మీదుగానే రావాలి. నేను మనసులో ఆయనకి మాటపెద్ద అని పేరెట్టుకున్నాను. నేను పులుసు గిన్నె పట్టుకుని రాజుగారి ఎదురుగానే ఉండీదాన్ని. రాజుగారు మాటపెద్దతో ఏదో గొణిగీవోరు. మాటపెద్ద నా వైపు తిరిగి, "పులుసు బాగుందన్నారు" అనీవోడు. "సంతోషం అని చెప్పండి" అని నేను మాటపెద్దతో అనాలి. నవ్వు ఆపుకోలేక చచ్చీదాన్ని.

ఇంకొకటి. ఆయన కాలు ఉట్టి నేలకి తగలకూడదు. తగిలితే వాళ్ల ఊరికి కరువొస్తాదట. పెద్దపెద్ద చెప్పులు ఎప్పుడూ కాళ్లకి ఉండాలి. మన ఊళ్లో సంగతి తెలుసు కదా, ఇంట్లోకి రావాలన్నా పగోడా ఎక్కాలన్నా చెప్పులు విడవాలి. అందుకే ఎవరు పగోడాకి పిలిచినా "మోకాలు నొప్పి" అని ఆపీసులో చిన్న దొరని పంపించీవోరు. గర్వం అనుకున్నారు జనం. పాపం, ఆయనకి ఎంత ఆశో. సాయంత్రం మేడ మీద నిలబడి ఆ బంగారు శిఖరాన్ని చూస్తూ ఉండీవోరు.

రాజు ఎలా అయ్యారని ఒక మద్యాన్నం అడిగాను. 

"పరాయి దేశంలో లాయరు చదువు చదువుతున్నాను ఆంటీ. మా మేనమామ పోయాడు. మాలో రాజపీట కొడుక్కి రాదు, మేనల్లుడికి వస్తాది. నేను సెలవులకని ఊరెళ్తే పెద్దలు పట్టుకుని కూర్చోబెట్టీశారు. ఒద్దని ఏడ్చాను కూడా."

"ఏడిస్తే ఒదల్లేదా?"

"ఏడ్చినోడే మంచి రాజవుతాడన్నారు."

తరవాత ఏరు నీళ్ల కోసం కొట్టుకునీ రెండూళ్లకి రాజీ చేశారట. ఆ మాట వాళ్ల ప్రబుత్వం చెవిన పడింది. అలా రాయబారం వచ్చింది. ఎక్కడికి పంపినా ఆయనతో ఆ పీట వెళ్లీది. 

పీటంటే ఒకే దుంగలో చెక్కిన చిన్న పీట. పైన కొంచెం ఒంపు, కింద అడుగు పలక. మేడ మీద చిన్న గదిలో ఉండీది. వాళ్ల మంచి రోజుల్లో రాజుగారు దానిమీద కూర్చునీవోరు. పోయిన పెద్దలకి ఉప్పు లేకుండా ముద్ద పెట్టాలంటే నేను పెండలం దుంప ఉడకబెట్టి గుడ్లతో పంపించీదాన్ని. ఆయన లేచిన వెంటనే మాటపెద్ద పీటని పక్కకి ఒరిగించి గోడ వైపు తిప్పి పడుకోబెట్టీసీవోడు.

"ఎందుకలాగ?" అన్నాను.

"నిలబెట్టి ఒదిలీస్తే దారినపోయీది ఏదైనా వచ్చి కూర్చుంటాదమ్మా. ఇది కూర్చునీ సామాను కాదు. ఆయన ప్రాణం ఉండీ చోటు."

ఆ ఏడు వానలు మొదలయ్యాయి. కరెంటు కోతలు ఎక్కువైపోతే జనరేటరుకి షెడ్డు వెయ్యాలని పెరట్లో ఉన్న పెద్ద నిద్రగన్నేరు చెట్టు కొట్టించీశారు. మా కాపలా మనిషి బర్మా ఆయన, ఊలే అని పిలిచీవోళ్లం, చిన్నాన్న వరస. ఆ చెట్టు మీద నాట్, అంటే ఆ చోటుని కాసీ దేవుడు, ఉంటాడని, ముందు కొబ్బరికాయ, అరటిపళ్లు పెట్టి చెప్పాలని కూలోళ్లని బతిమాలాడు. వాళ్లకి లారీ తొందర. పొద్దున్న మొదలెట్టారు, సాయంత్రానికి దుంగలు తన్లిన్ కోతమిల్లుకి వెళ్లిపోయాయి. మొద్దు ఒక్కటే మిగిలింది.

ఊలే ఆ పూట అన్నం ముట్టలేదు. "ఆంటీ, ఇల్లు కూల్చీసి ఇంటాయనకి ఒక మాటైనా చెప్పకుండా పోతారా మనుషులు?" 

"నువ్వు తిను ముందు. చేపల పులుసు చల్లారిపోతున్నాది."

"నీ పులుసులో చింతపండు తప్ప ఏటుంటాది? ఆ నాట్‌కి పెడితే ఇంకో చెట్టు ఎక్కి కూర్చుంటాడు" అన్నాడు. అలా నవ్వుకున్నాం. అదే ఆకరి నవ్వు.

మాటపెద్దకి జొరం పట్టుకుంది. మన వానజొరమే, ముసలి ఒళ్లు కదా, లేవలేకపోయాడు. ఆయన మంచం మీద ఉన్నన్నాళ్లూ మేడ గదిలోకి ఎవరూ వెళ్లరనే అనుకున్నాను.

ముందు నాకు కనపడింది ఆకులు. రాజుగారు తిన్న కంచం తెద్దామని మేడెక్కితే గది గుమ్మం దగ్గర నిద్రగన్నేరు ఆకులు, చిన్నచిన్నవి, పచ్చగా పడున్నాయి. గాలికి కొట్టుకొచ్చాయేమో అనుకుని తుడిచాను. మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది, చెట్టు లేదు కదా. మా వీదిలో అలాంటి చెట్టు ఇంకోటి లేదు.

రాజుగారు బోజనం ఎవరి కంటా పడకుండా తినాలి, వాళ్ల పద్దతి. తలుపేసుకుని తినీవోరు. ఆ రోజు లోపల మాటలు వినపడ్డాయి. రెండు గొంతులు అయితే బయపడకపోదును. ఒకటే గొంతు. అడిగీదీ అదే, జవాబు చెప్పీదీ అదే.

మర్నాడు వాన వెలిశాక వంటింటి కిటికీలోంచి చూద్దును కదా, రాజుగారు పెరట్లో ఉన్నారు. రంగు బట్ట మోకాళ్ల దాకా తడిసిపోయింది. కాళ్లకి చెప్పుల్లేవు. తడి గడ్డి మీద ఉట్టి కాళ్లతో, మొద్దు దగ్గర నిలబడి, చెట్టు ఉంటే కొమ్మలు ఎక్కడుండీవో అక్కడికి తలెత్తి చూస్తున్నారు. గరిటె గిన్నెలోనే ఒదిలీశాను. పరిగెత్తుకుని వెళ్లి చెప్పులు కాళ్ల ముందు పెట్టాను. వాటికేసి చూశారు. అవేటో తెలీనట్టు చూశారు.

"అక్కడ నుయ్యి ఉండాలి," అన్నారు వంటింటికేసి చూపించి. "ఎందుకు కప్పీశారు?"

ఊలే నా వెనకాలే వచ్చాడు.  వాళ్ల నాన్న కూడా ఆ ఇంటి కాపలాయే. వంటిల్లు కట్టినప్పుడు నుయ్యి పూడ్చారని వాళ్ల నాన్న చెప్పేడట. ఆ సంగతి నాకే తెలీదు, ఎన్నేళ్లబట్టో ఆ నుయ్యి మీదే నిలబడి వండుతున్నాను.

డాక్టరొచ్చాడు. రక్తపోటన్నాడు, మాత్రలిచ్చాడు. ఆపీసులో చిన్న దొర అందరికీ "జలుబు" అని చెప్పుకొచ్చాడు. పిల్లోడికి బయం, పాపం, ఏటి చెయ్యాలో తెలీదు. మాకూ తెలీదు.

జొరం తగ్గి మాటపెద్ద గోడ పట్టుకుని దిగాడు. రాజుగారు వరండాలో కూర్చున్నారు. ఈయన వంగి వాళ్ల బాషలో పలకరించాడు. రాజుగారు నా వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగారు.

"ఈ ముసలాయనెవరు? మా దొడ్లోకి ఎవరు రానిచ్చారు?"

 చిన్నప్పుడు ఆయన్ని ఎత్తుకుని తిప్పిన మనిషి మాటపెద్ద. మెల్లగా మెట్లెక్కాడు. నేను వెనకాల వెళ్లాను. గది తలుపు తీశాడు.

పీట నిలబెట్టి ఉంది. దానిమీద కొబ్బరికాయ, రెండు పక్కలా అరటిపళ్ల అత్తాలు. మన బర్మా ఇళ్లల్లో నాట్‌కి పెట్టినట్టే. చెట్టు కొట్టిన వారంలో పెట్టినవవి. ఆ ఉక్కలో, ఆ తేమలో, అరటిపండు మీద ఒక్క నల్ల మచ్చ లేదు. గదిలో చీమన్నది లేదు. మాటపెద్ద పీటమీద అరచెయ్యి ఆనించి, కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. నన్నూ ముట్టుకోమని సైగ చేశాడు. ముట్టుకున్నాను. వెచ్చగా ఉందమ్మా. మనిషి అప్పుడే లేచిన చోటు ఎలాగుంటాదో అలాగ కాదు. ఇంకా కూర్చునున్నట్టు.

ఊలేని పిలిచాను. చూడగానే ఒప్పుకున్నాడు.

"వాన కొడుతుంటే కిటికీలు ముయ్యడానికొచ్చాను. పీట పడిపోయి ఉంది. నిలబెట్టాను. ఇంత మంచి పీట, ఎవరూ కూర్చోటం లేదు. చోటు పోయినోడికి చోటిద్దామని పిలిచాను. తప్పేటి ఆంటీ?"

"తప్పేటా? రాజుగారి ప్రాణం మీద కూర్చోబెట్టావయ్యా!"

"నాకేటి తెలుసు! పడుకోబెట్టిన పీట మీద ప్రాణం ఉంటాదని ఎక్కడైనా విన్నామా?"

నిజమే, ఎక్కడ విన్నాం? మాటపెద్దకి వచ్చీరాని ఇంగ్లీషులో ఊలే మాట చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. పడలేదు. "మర్యాద చేశాడు," అన్నాడు. "అదే కష్టం. దొంగలా చొరబడితే తరమొచ్చు. పిలిస్తే వచ్చి కూర్చున్న పెద్దమనిషిని ఎలా లేపుతాం?" పీట ఒరిగించమంటే చెయ్యి వెయ్యనన్నాడు. కూర్చున్నోళ్ల కింద పీట లాగితే కిందపడీది ఎవరో తెలీదన్నాడు.

ఆ సాయంత్రమే వాళ్ల దేశం నుంచి ఫోనొచ్చింది. రాజుగారు ఫోనులో తన చెల్లెల్ని గుర్తుపట్టలేదట. ఊళ్లో గగ్గోలు. ఇద్దరు పెద్దలు విమానమెక్కి వస్తున్నారు, కళ్లారా చూడ్డానికి. మాటపెద్ద కర్ర ఒళ్లో పెట్టుకుని చెప్పాడు. మతి తప్పినోడు, ఉట్టి కాళ్లతో నేల తొక్కినోడు వాళ్ల కంట పడితే పీట మీంచి దింపీస్తారు. దింపడమంటే ఉద్యోగం ఊడ్డం కాదు. ఊరు ఆయన పేరు తలవదు. చచ్చాక కూడా పెద్దల్లో కలపరు. "ఇక్కడా కాక, అక్కడా కాక తిరగాలి," అన్నాడు, పెరటి వైపు చూస్తూ.

మద్యలో ఒక్కసారి రాజుగారు తనలోకి తిరిగొచ్చారు. మద్యాన్నం ఎండ కాసింది. కోటు తొడుక్కుని వంటింట్లోకి వచ్చి పాత లెక్కనే "ఆంటీ" అన్నారు. నాకు ఏడుపొచ్చీసింది.

"నేను ఈ దేశానికొచ్చినప్పుడు కాగితాలు పట్టుకెళ్లి దేశాన్నేలీ పెద్దాయన చేతికిచ్చి వంగాను. అది మా పద్దతి. ఎవరి దేశంలో ఉంటే వాళ్లకి ముందు కనపడాలి. కానీ ఈ దొడ్డి ఆసామీకి నేను కనపడలేదు. ఆయన చెట్టు కొట్టించాను. ఆయనకి కోపం లేదు ఆంటీ. మీరు కూర్చోమన్నారు, ఆయన కూర్చున్నారు. లేచి ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పలేదు."

ఇంకా ఏదో అనబోయారు. కళ్లల్లో వెలుతురు వెనక్కి పోయింది, దీపం పక్క గదిలోకి తీసుకెళ్లినట్టు. కోటు విప్పి అక్కడే ఒదిలేసి, ఉట్టి కాళ్లతో పెరట్లోకి నడిచి వెళ్లిపోయారు.

ముగ్గురం వంటింట్లో కూర్చుని మాటాడుకున్నాం. కనపడాలి, మర్యాద చెయ్యాలి, వేరే ఆసనం వేసి అక్కడికి రమ్మని అడగాలి. అందరికీ ఒప్పందమే.

"ఆసనం ఏదీ?" అన్నాను.

"వరండాలో కుర్చీలున్నాయి కదా," అన్నాడు ఊలే.

"ప్లాస్టిక్కా!" అని మాటపెద్ద కర్ర నేలకేసి కొట్టాడు. "రాజపీట మీంచి లేచి ప్లాస్టిక్కు మీద కూర్చోమంటే నువ్వు కూర్చుంటావా?"

ఇంటి మనుషులు కూర్చున్న పీట కావాలన్నాడు. తరాల వెచ్చదనం ఉన్నది. ఇద్దరూ నాకేసి చూశారు. 

మా ఇంట్లో ఉంది. మా నాయనమ్మ ఓడలో తెచ్చుకున్న పనసపీట. మా అమ్మ పెళ్లి దాని మీదే, నా పెళ్లీ దాని మీదే. అహ్లోన్ వెళ్లి మూట కడుతుంటే మా కోడలు అడ్డం నిలబడింది. 

"అత్తా, పెళ్లిపీట పరాయి దొడ్డికా? మళ్లీ వస్తాదేటి?"

"రాదమ్మా," అన్నాను.  బస్సులో ఒళ్లో పెట్టుకుని, మూట మీద చెయ్యి తియ్యకుండా తీసుకెళ్లాను.

పెద్దలు దిగీ రోజు పొద్దున్న మొద్దు దగ్గర చోటు శుబ్రం చేశాం. ఊలే నీళ్లు చల్లాడు. పీట పెట్టాను, ముందర ఆకు వేసి అన్నం, పులుసు వడ్డించాను. రాజుగారిని రంగు బట్ట చుట్టి తీసుకొచ్చాం. చెప్పులు తొడిగితే విదిలించీశారు. మాటపెద్ద కర్ర పట్టుకుని ముందు నిలబడి, తెచ్చిన సారా నేలమీద దారగా పోస్తూ, రాజు తరపున మొదలెట్టాడు. రాజు నోరిప్పకపోయినా రాజు నోరు మాటపెద్దే కదా. ఆయన ఇంగ్లీషులో నాకు చెప్పాలి, నేను బర్మాలో ఆసామీకి చెప్పాలి. నా బర్మా పబేడాన్ బజార్లో చేపలు బేరమాడీ బర్మా. ఊలే నా చెవిలో గుసగుసగా పెద్దోళ్లకి వాడీ మాటలు అందించాడు. 

"మా రాజు మీ దొడ్లోకి వచ్చి మీకు కనపడలేదు. మీ చెట్టు మిమ్మల్ని అడక్కుండా పడగొట్టారు. మన్నించమంటున్నాడు. ఇదిగో ఇంటిల్లిపాదీ కూర్చున్న పీట, మీ చోట్లోనే వేశాం. వడ్డించాం. రండి. మా రాజు చోటు ఆయనకియ్యండి."

ఏటీ లేదు. కాకి అరవలేదు. పక్కింటి జనరేటరు కూడా ఆగిపోయింది. తడి గడ్డి మీద మా నలుగురం. మా మూడు నీడలు పొడుగ్గా పడి ఉన్నాయి. రాజుగారి నీడ మాత్రం వెడల్పుగా, కొమ్మలేసినట్టు, మొద్దు దాటి గోడ దాకా పాకి ఉంది. నేను చూశాను. ఊలే చూశాడు. 

అప్పుడు మేడ మీద గదిలో చెక్కకి చెక్క తగిలి ఒరిగిన చప్పుడు. ఇంట్లో ఎవరూ లేరు. 

రాజుగారి పెదాలు కదిలాయి. మెల్లగా, ముసలి గొంతుతో, బర్మాలో అన్నారు.

"తైన్ బా."

కూర్చోండి అని. ఇంటాయన ఇంటికొచ్చినోళ్లని అనీ మాట. ఊలే మోకాళ్ల మీద పడి దండం పెట్టాడు. మాటపెద్దకి బర్మా తెలీదు, నా మొకం చూసి అర్దం చేసుకున్నాడు. రాజుగారు ఒక్కసారి తూలారు. కిందకి చూసుకున్నారు. గడ్డి, బురద, తన కాళ్లు. ఉలిక్కిపడి మాటపెద్ద బుజం పట్టుకున్నారు, పేరెట్టి పిలిచారు.

"నా చెప్పులేవి?"

ఆ ముసలాయన చెప్పులు తొడుగుతూ పసిపిల్లోడిలా ఏడ్చాడు. నేను మేడెక్కి చూశాను. పీట గోడ వైపు తిరిగి పడుకునుంది. చల్లగా ఉంది. అరటిపళ్లు నల్లగా కుళ్లిపోయి, చీమలు బారులు కట్టాయి.

పెద్దలొచ్చారు. రాజుగారు వాళ్లని పేర్లతో పలకరించి, వాళ్ల ఇళ్లల్లో పిల్లల్ని అడిగి, మాటపెద్ద మీదుగా జోకులేశారు. ఒకాయన కిటికీలోంచి పెరట్లోకి చూసి, మొద్దు దగ్గర ఆ పీట ఎవరిదని అడిగాడు. "ఇంటాయనది," అన్నాను.  ఆయన టోపీ తీసి అటువైపు తల వంచాడు. వాళ్లకి ఇవన్నీ తెలుస్తాయి.

పీట మీదున్నోడిగానే ఆయన ఊరెళ్లారు. వెళ్లీముందు కోటు వేసుకుని, ఒక్కరే, వంటింట్లోకొచ్చారు.

"ఆంటీ, ఆ రోజు నేనన్న మాట నాకెవరు నేర్పారు?"

"ఇన్నేళ్లు ఇక్కడున్నారు కదా దొరా. ఏ ఆపీసుకెళ్లినా అదే మాట అంటారు. చెవిన పడుంటాది."

ఆయన తల అడ్డంగా ఊపారు. "నాతో అందరూ ఇంగ్లీషులోనే అంటారు."

నేను పొయ్యి మీద టీకి నీళ్లు పెట్టాను.  అవి మరుగుతుంటే ఇద్దరం అలాగే నిలబడ్డాం. మా కాళ్ల కింద, ఆ గచ్చు కింద, నుయ్యి ఉంది.

అంతేనమ్మా. మీరు ఎవరింట్లో పనికి కుదిరినా ముందు ఆ ఇంటి మనుషుల్ని చూడకండి. ఆ ఇంట్లో ఏది ఎలా పెట్టుందో చూడండి, ఎందుకో అడగండి, అప్పుడు చెయ్యి వెయ్యండి. ఇప్పుడు లెగండి, అన్నం పెడతాను. మీ ఇంట వేసిన పీట మీద మీవాళ్లే కూర్చోవాలి. బయటికెళ్లినోళ్లు వాళ్ల కాళ్లమీద, వాళ్ల మతితో తిరిగి రావాలి. మీకు కనపడని పెద్దలు మీ గుమ్మం చల్లగా చూడాలి. నూరేళ్లు నిండుగా ఉండండి, పిల్లాపాపలతో.